కెర్బెరోస్ అంటే నిజంగా "మచ్చల కుక్క" అనేనా? మన యముడి శబలంతో చుట్టరికం ఉందా?

కృష్ణాతీరం | విజయవాడ | శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా పాప ఎనిమిదో తరగతి. వేరే దేశాల పురాణాల్లోంచి ఒక పాత్రను తీసుకుని చార్టు చేయమని స్కూల్లో ప్రాజెక్ట్ ఇచ్చారు. పాప గ్రీకుల పాతాళానికి కాపలా కాసే మూడు తలల కుక్కను ఎంచుకుంది. ఇంగ్లీషులో సెర్బెరస్ అంటారు, గ్రీకులో కెర్బెరోస్ అట. చార్టులో నాలుగు గళ్ళు నింపాలి: పేరు, అర్థం, పుట్టుక, కథ. మూడు నింపేసింది. "అర్థం" గడి దగ్గర ఆగిపోయాం.

వాట్సాప్‌లో ఎప్పటినుంచో తిరుగుతున్న ఒక మాట మీరూ చూసే ఉంటారు. కెర్బెరోస్ అంటే "మచ్చలున్నది" అని అర్థమనీ, పాతాళాన్ని ఏలే హేడీస్ అంతటివాడు కూడా తన కుక్కకి "మచ్చ" అని ముద్దుపేరు పెట్టుకున్నాడనీ. దాని కిందే ఇంకొకరు, ఇది సంస్కృత పదమే, యముడి కుక్క శబలమే గ్రీసుకి వెళ్ళి కెర్బెరోస్ అయింది అని రాశారు. పాప అది చదివి "నాన్నా, అయితే రెండూ ఒకే కుక్కా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. నిజమో కాదో తెలియకుండా చార్టు మీద రాయించడం నాకు ఇష్టం లేదు. శుక్రవారం ఇవ్వాలి. తెలిసినవాళ్ళు చెప్పండి.

పినాకిని | నెల్లూరు | శనివారం, రాత్రి 10:05

నూటికి నూరుపాళ్ళు ఒకే కుక్క అండి. యముడికి శ్యామం, శబలం అని రెండు కుక్కలున్నాయని చిన్నప్పుడు మా తాతయ్య చెప్పేవారు. శబలం అంటే మచ్చలది. కెర్బెరోస్ అన్నా మచ్చలది. పని కూడా అదే, చచ్చినవాళ్ళ దారిలో కాపలా. ఇంతకన్నా రుజువు ఏం కావాలి? ధైర్యంగా రాయించండి.

పాతపుస్తకం | రాజమండ్రి | శనివారం, రాత్రి 11:30

తొందరపడకండి. ముందు గ్రీకుల దగ్గర ఈ పేరు ఎప్పుడు, ఎలా కనబడుతుందో చూద్దాం.

హోమర్‌కి ఈ కుక్క తెలుసు, కానీ పేరు చెప్పడు. ఇలియడ్ ఎనిమిదో సర్గలోనూ, ఒడిస్సీ పదకొండో సర్గలోనూ గ్రీకు వీరుడు హెరాక్లీస్ పాతాళం నుంచి తెచ్చిన "హేడీస్ కుక్క" అని మాత్రమే ఉంటుంది. ఎన్ని తలలో కూడా లేదు. పేరు మొదట కనబడేది క్రీస్తుపూర్వం 700 ప్రాంతపు కవి హెసియోడ్ దగ్గర, దేవతల పుట్టుక చెప్పే కావ్యంలో. అక్కడ కెర్బెరోస్ టైఫోన్, ఎకిడ్నా అనే రాక్షస జంటకి పుట్టిన బిడ్డ. పచ్చిమాంసం తింటుంది, గొంతు కంచులా మోగుతుంది, తలలు మూడు కాదు, యాభై. తర్వాతి కవి పిండార్ వందకి తీసుకెళ్ళాడు. మూడు తలలు స్థిరపడింది సోఫోక్లీస్, యూరిపిడీస్ నాటకాల కాలానికి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది హెసియోడ్ ఇంకోచోట చెప్పిన దాని గుణం. లోపలికి వచ్చేవాళ్ళని చూసి ఈ కుక్క తోక ఊపుతుంది, చెవులు రెండూ వాల్చి గారాబం చేస్తుంది. బయటికి పోబోయేవాళ్ళని మాత్రం పొంచి ఉండి పట్టి తినేస్తుంది. మన ఇళ్ళ దగ్గర కుక్క కొత్తవాళ్ళని గుమ్మంలో ఆపుతుంది. ఇది తిరగేసిన కాపలా. పాప కథ గడిలో ఇది తప్పకుండా రాయించండి.

కృష్ణాతీరం | ఆదివారం, ఉదయం 7:15

పాతపుస్తకం గారూ, చాలా సంతోషం. పాపకి చదివి వినిపించాను. "అంటే అది దొంగలు రాకుండా చూసే కుక్క కాదు, జైలు కుక్క" అంది.

అమరకోశం | తెనాలి | ఆదివారం, ఉదయం 8:50

మన వైపు సంగతి నేను చెప్తాను. ఋగ్వేదం పదో మండలం, పద్నాలుగో సూక్తం. చనిపోయినవాడిని యముడి దగ్గరికి సాగనంపే మంత్రాలు. అందులో "సారమేయౌ శ్వానౌ చతురక్షౌ శబలౌ" అని వస్తుంది. సరమ కొడుకులైన, నాలుగేసి కళ్ళున్న, చిత్రవర్ణం గల రెండు కుక్కలను దాటుకుని మంచి దారిన వెళ్ళిపో అని అర్థం. తర్వాతి మంత్రంలో వాటినే దారికి కాపలాదారులంటారు, ఆ పైదానిలో యముడి దూతలంటారు.

ఇక్కడ ఒక్క విషయం గట్టిగా పట్టుకోవాలి. ఋగ్వేదంలో "శబలౌ" ద్వివచనం. అంటే రెండు కుక్కలూ మచ్చలవే. అది ఒక కుక్క పేరు కాదు, రెండింటి వర్ణన. పేర్లలాగా విడిపోయి ఒకటి శ్యామం, ఒకటి శబలం అని కనబడేది అథర్వవేదంలో, ఎనిమిదో కాండంలో. పినాకిని గారి తాతగారు చెప్పింది ఆ సంప్రదాయం.

"సారమేయం" అన్న మాట మనకి కొత్త కాదు, కుక్కని ఇప్పటికీ పత్రికల్లో అలా రాస్తారు. ఆ సరమ ఎవరో కాదు, నన్నయ భారతం మొదట్లోనే కనబడుతుంది. జనమేజయుడి తమ్ముళ్ళు తన కొడుకుని కొట్టారని సత్రయాగం దగ్గరికి వచ్చి నిలదీసిన దేవశుని, అంటే దేవతల ఆడకుక్క.

ఇక శబలం. మా నాన్నగారు సంస్కృత నిఘంటువు అమరం వల్లె వేయించేటప్పుడు రంగుల దగ్గర "చిత్రం కిర్మీర కల్మాష శబలైతాశ్చ కర్బురే" అని ఒక పాదం చెప్పించేవారు. రంగులు కలిసిన దానికి ఇవన్నీ పర్యాయపదాలు. శబలం, కర్బురం రెండూ ఒకే పాదంలో పక్కపక్కన ఉన్నాయి చూడండి. బాలకాండలో వసిష్ఠుడి కామధేనువు పేరు కూడా శబలే. గ్రీకు కుక్క పేరుని ఈ శబలంతో కలిపేవాళ్ళూ ఉన్నారు, కర్బురంతో కలిపేవాళ్ళూ ఉన్నారు. వినడానికి కర్బురం, కెర్బెరోస్ ఇంకా దగ్గరగా ఉంటాయి. నేనూ చాలా ఏళ్ళు అదే నిజమనుకున్నాను.

నల్లరేగడి | ఆదిలాబాద్ | ఆదివారం, ఉదయం 9:30

అమరకోశం గారూ, నాలుగు కళ్ళు అన్నారు కదా. మా ఇంట్లో ఒక నల్లకుక్క ఉండేది. కళ్ళ మీద కనుబొమ్మల చోట రెండు గోధుమరంగు చుక్కలు. మా నాన్నమ్మ దాన్ని నాలుగు కళ్ళ కుక్క అనేది. రాత్రి పడుకున్నా దాని రెండు కళ్ళు తెరిచే ఉంటాయని చెప్పేది. వేదంలో చెప్పింది ఇలాంటి కుక్కే అయి ఉండొచ్చా?

అమరకోశం | ఆదివారం, ఉదయం 10:10

చాలామంది పండితులు అలాగే అర్థం చేసుకున్నారు. దీనికి ఒక బలమైన తోడు పార్సీల దగ్గర ఉంది. మనిషి పోయాక శవం దగ్గరికి కుక్కను తెచ్చి చూపించే ఆచారం వాళ్ళకి ఉంది, దాన్ని "సగ్‌దీద్" అంటారు. కుక్క చూపు అని అర్థం. వాళ్ళ అవెస్తా గ్రంథం అందుకు "నాలుగు కళ్ళ కుక్క" కావాలంటుంది. కళ్ళ పైన రెండు మచ్చలున్న కుక్క అనే వాళ్ళు దాన్ని వివరిస్తారు. పోయినవాళ్ళు దాటే చిన్వత్ వంతెన దగ్గర కూడా కుక్కలుంటాయి. మీ నాన్నమ్మగారి మాట ఎంత పాతదో ఆలోచిస్తుంటే ఒళ్ళు పులకరిస్తోంది.

టికెట్‌విండో | హైదరాబాద్ | ఆదివారం, ఉదయం 11:00

మా ఆఫీసులో రోజూ పలికే పేరు ఇది. కెర్బెరోస్ అంటే మాకు లాగిన్ పద్ధతి. 1980లలో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో అథీనా ప్రాజెక్టు కింద తయారైంది. వాడేవాడు, సర్వర్, మధ్యలో టికెట్లు ఇచ్చే కేంద్రం, ఈ ముగ్గురికీ మూడు తలలు అని చెప్తారు. విండోస్ 2000 నుంచి మైక్రోసాఫ్ట్ కూడా దీన్నే వాడుతోంది. పదేళ్ళుగా వాడుతున్నా, దీని వెనక ఇంత ఉందని ఈ రోజే తెలిసింది. థ్రెడ్ ఆపకండి ప్లీజ్.

ధ్వనిసూత్రం | మైసూరు | ఆదివారం, మధ్యాహ్నం 2:45

నేను భాషాశాస్త్రం చదువుకున్నాను, ఇప్పుడు పాఠం చెప్తున్నాను. ఈ ప్రశ్న నా విద్యార్థులు ఏటా అడుగుతారు. కాస్త ఓపికగా చదవండి.

సంస్కృతం, గ్రీకు ఒకే మూలభాష నుంచి వచ్చిన అక్కచెల్లెళ్ళు. ఒకదాని నుంచి ఇంకొకటి పుట్టలేదు. కాబట్టి "శబలం గ్రీసుకి వెళ్ళింది" అన్న మాట మొదటే పక్కన పెట్టాలి. అడగాల్సింది, ఈ రెండు మాటలకీ తల్లి ఒకటేనా అని.

అది తేల్చడానికి చెవికి ఒకేలా వినబడటం చాలదు. ధ్వనులు ఒక వరస ప్రకారం మారతాయి. సంస్కృతంలో "శ" ఉన్నచోట గ్రీకులో "క" వస్తుంది. దశ, గ్రీకులో దెక. శ్రవస్ అంటే కీర్తి, గ్రీకులో క్లేఓస్. ఇప్పుడు అసలైనది చూడండి. శ్వన్ అంటే కుక్క, గ్రీకులో క్యూఓన్. షష్ఠీ విభక్తిలో శునః, గ్రీకులో కునోస్. అక్షరం వెంట అక్షరం సరిపోయింది. అంటే "కుక్క" అన్న సాధారణ మాట విషయంలో ఈ రెండు భాషలూ నిస్సందేహంగా ఒకే ఇంటివి.

ఇక పేరు. కెర్బెరోస్‌కి తోబుట్టువు సంస్కృతంలో ఉంటే అది "శర్బర" అన్న రూపంలో ఉండాలి. మన దగ్గర ఉన్నది శబల. మొదటి "శ" బాగానే కుదిరింది. మధ్యలో రేఫ, అంటే "ర" ధ్వని, ఏది? అది రాలిపోయిందని, చివరి "ర" కాస్తా "ల" అయిందని ఊహించుకోవాలి. సరే, కర్బురం తీసుకుందాం. రేఫ ఉంది, కానీ మొదట "శ" ఉండాల్సిన చోట "క" ఉంది. శబలం కుదిరితే కర్బురం కుదరదు, కర్బురం కుదిరితే శబలం కుదరదు. రెంటినీ కలిపి ఒక రుజువుగా చూపించడం తప్పు. "శర్వర" అని ఇంకో రూపం చెప్తారు, రాత్రికి శర్వరి అంటాం కదా, అది. అందులో ఉన్నది "వ". దాని జోడీ గ్రీకులో "బ" కాదు.

అసలు "బ" దగ్గరే పెద్ద చిక్కు. మూలభాషలో "బ" ధ్వని బహు అరుదు. గ్రీకులో కనబడే "బ" చాలాసార్లు వేరే ధ్వని నుంచి వచ్చింది, దానికి సంస్కృతంలో "గ" జోడీ. ఆవుని గ్రీకులో బౌస్ అంటారు, మనం గౌః అంటాం. అందుకే రెండు వైపులా "బ" కనబడగానే చుట్టరికం ఉందనుకోకుండా, అనుమానించాలి.

పినాకిని | ఆదివారం, సాయంత్రం 5:20

ధ్వనిసూత్రం గారూ, గౌరవంతోనే అడుగుతున్నాను. మాక్స్ ముల్లర్ అంతటివాడు ఇది ఒప్పుకున్నాడని చదివాను. ఆయనకి ధ్వనుల వరసలు తెలియవా? రేఫ రాలిపోవడం మన భాషల్లో జరగనిదా? కర్మ కాస్తా ప్రాకృతంలో కమ్మ అవలేదా? రెండు చోట్లా కుక్క, రెండు చోట్లా మృత్యువు దారి, రెండు చోట్లా దగ్గరి పేరు. ఇన్ని కలిసినా కాదంటే, మనవాళ్ళది అనేసరికి కాదంటున్నారేమో అని మనసుకి కష్టంగా ఉంటుంది.

ధ్వనిసూత్రం | ఆదివారం, రాత్రి 8:30

పినాకిని గారూ, మీ బాధ నాకు అర్థమైంది. ఒకమాట చెప్తాను, ఈ పోలికను ముందు పైకెత్తింది యూరప్ పండితులే. ఆల్‌బ్రెష్ట్ వేబర్, మాక్స్ ముల్లర్ పందొమ్మిదో శతాబ్దంలో చెప్పారు. అమెరికాలో వేదపండితుడు మారిస్ బ్లూమ్‌ఫీల్డ్ 1905లో ఈ కుక్క మీదే ఒక చిన్న పుస్తకం అచ్చు వేశాడు. యముడి రెండు కుక్కలూ సూర్యచంద్రులే అన్నది ఆయన వాదం. తర్వాత కాదన్నవాళ్ళు కూడా సంస్కృతాన్ని ప్రాణంగా చదివినవాళ్ళే. సంస్కృత పదాల వ్యుత్పత్తికి జీవితం ధారపోసిన మాన్‌ఫ్రెడ్ మైర్‌హోఫర్ ఒప్పుకోలేదు. బ్రూస్ లింకన్ ఒప్పుకోలేదు. 2010లో గ్రీకు వ్యుత్పత్తి నిఘంటువు తెచ్చిన రాబర్ట్ బీకెస్ ఒప్పుకోలేదు. మనదనో పరాయిదనో కాదు, లెక్క కుదరక.

కర్మ నుంచి కమ్మ వచ్చినప్పుడు రేఫ పోయినా "మ" రెట్టించింది చూడండి. పోయిన ధ్వని ఎక్కడో గుర్తు వదిలిపోయింది. పైగా ఆ మార్పు వందల మాటల్లో ఒకేలా జరిగింది. ధర్మ ధమ్మ అయింది, సర్ప సప్ప అయింది. శబలంలో రేఫ రాలిందనడానికి అలాంటి వరస లేదు, ఆ ఒక్క మాట కోసమే ఊహించుకోవాలి.

తప్పుదారి ఎంత అందంగా ఉంటుందో ఇంకో ఉదాహరణ, అదీ ఇదే కథలోంచి. హెరాక్లీస్‌ని పాతాళానికి తోడ్కొనిపోయిన దేవుడు హెర్మీస్. పాత రూపం హెర్మెయాస్. ఆడల్‌బెర్ట్ కున్ అనే పండితుడు ఇది మన "సారమేయ" అన్నాడు. సంస్కృత "స" గ్రీకులో "హ" అవుతుంది కదా, సప్త హెప్తా అయినట్టు. చచ్చినవాళ్ళకి దారి చూపేవాడు, యముడి దారి కాచే కుక్క! ఎంత చక్కగా అమరిందో. తర్వాత 1952లో మైకేల్ వెంట్రిస్ గ్రీకుల అతి పాత లిపి అయిన లీనియర్ బిని చదివాక, మట్టిపలకల మీద ఆ దేవుడి పేరు అంతకన్నా పాత రూపంలో దొరికింది. అది సారమేయతో కలవలేదు. ఆ పోలికను ఇప్పుడు ఎవరూ పట్టుకోరు.

పాతపుస్తకం | ఆదివారం, రాత్రి 10:50

మరి గ్రీకులు, రోమన్లు ఈ పేరుకి ఏం అర్థం చెప్పుకున్నారు? రోమన్ కవి వర్జిల్ కావ్యానికి వ్యాఖ్య రాసిన సర్వియస్, నాలుగో శతాబ్దం చివరివాడు, ఇది "క్రెఓబోరోస్" అన్న మాట అన్నాడు. మాంసం మింగేది అని. ఇదీ చెవికి దగ్గరగా ఉందని అల్లిన అర్థమే, నేటి పండితులు ఒప్పుకోరు. "గోతిలోని మృత్యువు" అని విడగొట్టినవాళ్ళు కూడా ఉన్నారు, అదీ అంతే. ధ్వనిసూత్రం గారూ, క్రెఓబోరోస్‌లో ఉన్న ముక్కలకి మన వైపు ఏమైనా ఉందా?

ధ్వనిసూత్రం | ఆదివారం, రాత్రి 11:15

ఉంది, అదే విచిత్రం. గ్రీకు క్రేఅస్ అంటే మాంసం, మన క్రవ్యం దానికి నిజమైన బంధువు. బోరోస్ అంటే మింగేది, మన "గిరతి" దానికి బంధువు. ఇక్కడ "బ", "గ" జోడీ చూడండి, ఆవు దగ్గర చెప్పినట్టే. తప్పు వ్యుత్పత్తిలోని ముక్కలకి నికరమైన చుట్టాలున్నారు, అసలు పేరుకి మాత్రం దొరకలేదు.

అమరకోశం | సోమవారం, ఉదయం 6:40

క్రవ్యం అనగానే గుర్తొచ్చింది. అమరంలో రాక్షసుడి పర్యాయపదాల్లో "క్రవ్యాదుడు" ఉంది, "కర్బురుడు" కూడా ఉంది! పచ్చిమాంసం తినేవాడు, చిత్రవర్ణుడు. హెసియోడ్ తన కుక్కకి చెప్పిన మొదటి గుణం పచ్చిమాంసం తినడమే. రుజువు అనడం లేదు, నిన్నటి పాఠం తర్వాత అనను. కానీ చావుని ఊహించుకునేటప్పుడు మనుషులు మాంసాన్నీ, మచ్చలనీ ఎందుకిలా దగ్గర పెట్టుకున్నారో అనిపించింది.

ఆకుపసరు | శ్రీకాకుళం | సోమవారం, ఉదయం 9:05

పేరు మన పెరట్లోకి వచ్చిన దారి ఒకటి చెప్తాను. పచ్చగన్నేరు అందరికీ తెలుసు, గుడికి పూలు కోస్తాం, గింజ విషం అని పిల్లల్ని దగ్గరికి పోనివ్వం. లిన్నేయస్ ఆ చెట్టుకి పెట్టిన శాస్త్రీయ నామం సెర్బెరా థెవెటియా. కాటు వేసిన కుక్కలా చంపుతుందని ఈ జాతికి సెర్బెరస్ పేరు పెట్టాడు. తర్వాత పచ్చగన్నేరుని వేరే జాతిలోకి మార్చారు. కేరళ వాగుల పక్కన పెరిగే ఒదళం చెట్టు మాత్రం ఇప్పటికీ సెర్బెరా ఓడోలమే.

వసనాభి సంగతి కూడా ఉంది. హెరాక్లీస్ ఈడ్చుకొచ్చేటప్పుడు ఎండ చూసి కుక్క గింజుకుందనీ, దాని నోటి నురగ పడ్డ చోట అకోనైట్ అనే విషపు మొక్క మొలిచిందనీ రోమన్ కవి ఓవిడ్ రాశాడు. ఆ మొక్క జాతిలోదే మన ఆయుర్వేదంలో శుద్ధి చేసి వాడే వసనాభి, అంటే వత్సనాభి.

శ్రాద్ధమంత్రం | అమలాపురం | సోమవారం, మధ్యాహ్నం 12:20

మాది పౌరోహిత్యం చేసుకునే కుటుంబం. ఇన్ని పోస్టులు చదివాక నేను ఊరుకోలేకపోయాను. బలి అన్నం పెట్టేటప్పుడు కాకికి పెట్టినట్టే కుక్కకీ ఒక ముద్ద ఉంటుంది. దానికి శ్లోకం ఉంది. వైవస్వతుడి కులంలో పుట్టిన శ్యామ శబలాలనే రెండు కుక్కలకి ఈ అన్నం పెడుతున్నాను, అవి నన్ను హింసించకుండు గాక అని. వైవస్వతుడంటే యముడు. నేను చిన్నతనం నుంచి చెప్తున్న శ్లోకం ఇది. గ్రీకుల వైపు కూడా ఇలా తిండి పెట్టడం ఉందా అని తెలుసుకోవాలని ఉంది.

పాతపుస్తకం | సోమవారం, మధ్యాహ్నం 1:45

ఉందండి! మీరు అడగడం ఎంత బాగుందో. పోయినవాళ్ళకి తేనె కలిపిన రొట్టె ఇవ్వడం గ్రీకుల దగ్గర ఉంది. అరిస్టోఫనీస్ ఒక నాటకంలో దాని మాట వస్తుంది, అది కెర్బెరోస్ కోసమని పాత వ్యాఖ్యాతలు చెప్పారు. వర్జిల్ కావ్యం ఆరో సర్గలో కథానాయకుడు ఈనియస్ వెంట వచ్చిన సిబిల్ అనే జోస్యురాలు, తేనెతో మత్తుమందు కలిపిన ముద్దను ఆ కుక్క ముందుకి విసురుతుంది. మూడు నోళ్ళూ తెరిచి అందుకుని గుహంతా పరుచుకుని పడి నిద్రపోతుంది. రోమన్ రచయిత అపులేయస్ చెప్పిన సైకీ అనే అమ్మాయి కథలో ఆమె చేతిలో రెండు ముద్దలుంటాయి. ఒకటి వెళ్ళేటప్పుడు వేయాలి, ఇంకొకటి తిరిగి వచ్చేదాకా దాచుకోవాలి. అక్కడ కూడా ముద్ద ఎందుకంటే, ఆ కుక్క హింసించకుండా ఉండటానికే.

పినాకిని | సోమవారం, రాత్రి 7:50

శ్రాద్ధమంత్రం గారి పోస్టు చదివి మా తాతయ్య గుర్తొచ్చారు, ఆయన కూడా ఆ ముద్ద పెట్టేవారు. పేరు ఒకటే అన్న మాట నేను వెనక్కి తీసుకుంటున్నాను. కుక్క ఒకటే అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను. ధ్వనిసూత్రం గారూ, దీనికైనా ఒప్పుకుంటారా?

ధ్వనిసూత్రం | సోమవారం, రాత్రి 9:10

దీనికి నేను మీ పక్షమే. ఉత్తరాన నార్స్ కథల్లో కూడా గార్మ్ర్ అని ఒక కుక్క ఉంది, పాతాళం తోవలో గుహ ముందు మొరుగుతుంది. లింకన్ ఆ పేరుని కెర్బెరోస్‌తో కలిపి, రెండింటికీ "గుర్రుమనేది" అని అర్థం చెప్పబోయాడు. అందులోనూ మొదటి ధ్వనులు కలవలేదు. కానీ భారతదేశంలో, ఇరాన్‌లో, గ్రీసులో, నార్స్ దేశాల్లో, నాలుగు చోట్లా చావు దారిలో కుక్క ఉంది. ఆ ఊహ చాలా పాతదనీ, ఉమ్మడి ఆస్తి అనీ చాలామంది పండితులు ఒప్పుకుంటారు. నా మట్టుకు నేను కూడా నమ్ముతాను. పేర్లు ఎవరి ఇంట్లో వాళ్ళు పెట్టుకున్నారు. గ్రీకులు ఈ పేరుని తమకన్నా ముందు ఆ నేల మీద ఉన్నవాళ్ళ భాష నుంచి తెచ్చుకుని ఉండొచ్చు.

వరండా | వరంగల్ | సోమవారం, రాత్రి 10:00

ధర్మరాజు వెంట స్వర్గం దాకా నడిచిన కుక్కను ఎవరూ తలవలేదేంటి? చివరికి అది ధర్ముడే కదా, అంటే యముడే. కాపలా కుక్క ఆపుతుంది, ఈ కుక్క తోడు వస్తుంది. చిన్నప్పుడు తిక్కన గారి పద్యాలతో మా సారు ఈ ఘట్టం చెప్తుంటే క్లాసులో సగం మంది ఏడ్చాం.

చుక్కలలెక్క | డాలస్ | మంగళవారం, ఉదయం 8:15

తలల లెక్క గురించి ఒకటి, చుక్కల నుంచి ఒకటి.

పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో ఒక నీళ్ళకుండ ఉంది, ఇటలీలోని కాయెరేలో దొరికిన రకం, క్రీస్తుపూర్వం 525 ప్రాంతానిది. దాని మీద కెర్బెరోస్‌కి మూడు తలలు, ఒక్కో తల ఒక్కో రంగు. మూతుల మీద, కాళ్ళ మీద పాములు. హెరాక్లీస్ దాన్ని పట్టుకొస్తుంటే రాజు యూరిస్థియస్ భయంతో పెద్ద జాడీలో దూరి చేతులు పైకెత్తి ఉంటాడు. పాపకి ఆ బొమ్మ చూపించండి, చార్టు మీద గీసుకోవచ్చు. ఏథెన్స్ కుండల మీద మాత్రం చాలాచోట్ల రెండే తలలు. యముడి రెండు కుక్కలు ఒకటిగా అతుక్కున్నాయా అని కొందరికి అనిపించింది అందుకే.

ఆకాశంలో ప్లూటో చుట్టూ తిరిగే ఒక చిన్న చందమామ పేరు కూడా కెర్బెరోస్. 2011లో హబుల్ టెలిస్కోప్ ఫొటోల్లో కనిపెట్టారు, 2013లో పేరు ఖాయం చేశారు. సెర్బెరస్ అన్న లాటిన్ రూపం అప్పటికే ఒక గ్రహశకలానికి ఉండటంతో గ్రీకు రూపం పెట్టారు. 2015లో న్యూ హొరైజన్స్ నౌక దగ్గరగా వెళ్ళి చూస్తే అది రెండు ముద్దలు అతుక్కున్నట్టు ఉంది.

కృష్ణాతీరం | మంగళవారం, మధ్యాహ్నం 1:00

ఒక చిన్న సందేహం. తెలుగులో సెర్బెరస్ అని రాయాలా, కెర్బెరోస్ అనా? టీచర్ ఇంగ్లీషు స్పెల్లింగ్ ప్రకారం అడుగుతారేమోనని పాపకి టెన్షన్.

ధ్వనిసూత్రం | మంగళవారం, మధ్యాహ్నం 1:30

రెండూ తప్పు కాదు. గ్రీకులు పలికింది కెర్బెరోస్. పాత లాటిన్ వాళ్ళు కూడా "క" అనే పలికారు, తర్వాతి కాలంలో అది "స" అయింది, ఇంగ్లీషు దాన్నే తీసుకుంది. గ్రీకు పురాణం గురించి రాస్తున్నారు కాబట్టి కెర్బెరోస్ అని రాసి, ఇంగ్లీషులో సెర్బెరస్ అంటారని కింద ఒక ముక్క పెట్టండి.

కృష్ణాతీరం | శుక్రవారం, రాత్రి 8:20

చార్టు ఇచ్చేశాం. లూవ్ర్ కుండ మీది బొమ్మే గీసింది, మూడు తలలకీ మూడు రంగులు వేసి. పక్కన చిన్నగా యముడి కుక్కలు రెండు, కళ్ళ పైన చుక్కలతో. నల్లరేగడి గారూ, అవి మీ నాన్నమ్మగారి కుక్కలాగే గీశానని మీకు చెప్పమంది.

"అర్థం" గడిలో "మచ్చలది అంటారు, కానీ రుజువు కాలేదు" అని రాసింది. దాని కింద ఎవరూ చెప్పకుండానే ఇంకో వరస రాసుకుంది: శ్వన్, శునః. క్యూఓన్, కునోస్. టీచర్ ఆ వరస దగ్గర ఆగి, ఇది ఏమిటో క్లాసుకి చెప్పమన్నారట.